ఆరు పోయి పన్నెండు

వెదర్‌లా
24 సెప్టెంబరు 2024

మావిస్ అక్కకి,

ఆదివారం నువ్వు ఫోన్ చేశావని మావాడు క్రెయిగ్ చెప్పాడు. చెయ్యకు. ఫోన్ దగ్గర పెడితే నా చెవి మిషన్ ఈల వేస్తుంది. చెప్పాల్సింది కాగితం మీదే చెబుతాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రావు కూడా.

శుక్రవారం రాత్రి మా లీక్ ఉల్లికాడల్ని ఎవడో కోసేశాడు. అన్నీ. వాళ్ళ నాన్న నార్మన్ పోయాక ఆ విత్తనాన్ని క్రెయిగ్ ఒక్కడే నిలబెట్టుకొచ్చాడని నీకు తెలుసు. ఒక్కో కాడ నా మోచేయంత లావు. శనివారం క్లబ్బులో లావు కాడల పోటీ. ముందురోజు సాయంత్రం ఆకులు తడిగుడ్డతో తుడిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు గోనెపట్టా కప్పి వచ్చాడు. తెల్లారగట్ల వెళ్ళేసరికి కాడలన్నీ నిలువునా చీరేసి ఉన్నాయి. పక్క మడిలోంచి లయనల్ రేస్ట్రిక్ బయటికి వస్తున్నాడు, చేతిలో చాకు. మా తర్వాత ఈ ఊళ్ళో లావు కాడలు వాడివే కదా. లెట్యూస్ ఆకు కోసుకోవడానికి వచ్చానన్నాడు. ఆ వేళప్పుడు లెట్యూస్ ఎవరు తింటారక్కా, కుందేళ్ళు తప్ప. క్రెయిగ్ చేతిలో పార ఉంది. దాని కర్రతో మూతి మీద ఒక్కటిచ్చాడు. రెండు పళ్ళు ఊడాయి, చెంప చీరుకుపోయింది.

కొట్టాడని నాకు బాధ లేదని చెప్పను. కానీ ఆ సాయంత్రం లయనల్ మూతికి కట్టుతో క్లబ్బుకొచ్చి మొదటి బహుమతి అందుకుంటే, నార్మన్ శవాన్ని మోసిన మనుషులే చప్పట్లు కొట్టారు.

నవంబరు ఏడున టౌన్లో మేజిస్ట్రేట్ కోర్టుకి రమ్మన్నారు. క్రెయిగ్ మాత్రం పై కోర్టుకే పోతానని పట్టుబడుతున్నాడు. అక్కడ తప్పుందో లేదో తేల్చేది జడ్జి కాదట, ఊళ్ళలోంచి తెచ్చిన పన్నెండు మంది మామూలు మనుషుల జ్యూరీ అట. "ఈ జిల్లాలో ఏ పన్నెండు మందిని తెచ్చి కూర్చోబెట్టినా సగం మందికి లీక్ మడి ఉంటుందమ్మా. కాడలు కోసినవాడి పళ్ళు రాలగొడితే తప్పనేవాడు ఎవడు?" అంటాడు. నాకేమో ఆ పన్నెండు మంది మాటెత్తితేనే గుండెల్లో దడ. అదే క్లబ్బు, అవే చప్పట్లు కదా.

వాడిది మున్సిపాలిటీ చెత్తలారీ పని. ఫోర్‌మన్ వాల్టర్ మంచివాడే. "మూడు నెలల్లోపు తిరిగొస్తే నీ చోటు నీకుంటుంది, దాటితే నా చేతిలో లేదు" అన్నాడు. ఆ పని పోతే వాణ్ణి మళ్ళీ ఎవరూ పెట్టుకోరు. పార కర్రతో మనిషిని కొట్టినవాడికి పని ఎవరిస్తారు?

నువ్వు లా చదవకపోయినా ఇన్నేళ్ళుగా జీతం లేని మేజిస్ట్రేటువి కదా. మీ కింది కోర్టు మహా అయితే ఎంత వేయగలదు? ఒక్క ముక్క రాయి.

నీ చెల్లెలు
డోరీన్


ఎల్మ్‌థార్ప్
2 అక్టోబరు 2024

డోరీన్‌కి,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ మగాడు ఉల్లికాడల కోసం మనిషి పళ్ళు రాలగొట్టాడు. నార్మన్ బతికుంటే సిగ్గుతో చచ్చేవాడని రాద్దామనుకున్నాను కానీ, నార్మన్ బతికుంటే అతని చేతిలోనూ ఒక పార ఉండేది. మీ ఊరే అంత.

నడుస్తున్న కేసు గురించి మేజిస్ట్రేటు తన చుట్టాలకి సలహా చెప్పకూడదు. ఇది నీకు ఇదివరకే చెప్పాను, నువ్వు మిషన్ తీసి పక్కన పెట్టావు. మీది నా కోర్టు కాదు, నా జిల్లా కూడా కాదు. లాయరు దగ్గరకి వెళ్ళండి. లైబ్రరీలో ఎవరైనా చదువుకోగల ముక్క ఒక్కటి మాత్రం రాస్తాను. ఒక నేరానికి మా కింది కోర్టు ఆరు నెలలకి మించి జైలు వేయలేదు. ఆరు చాలదనిపిస్తే శిక్ష వేయమని పై కోర్టుకి పంపిస్తుంది. ఇంతకు మించి నన్ను అడగకు.

నిజానికి ఈ పనంటే నాకే రోత పుడుతోంది. నా వంతు ప్రతి గురువారం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడి కోట్ల కంపు. కిటికీలు తెరుచుకోవు. వచ్చేవాళ్ళలో సగం మంది చీజ్ దొంగలు. సూపర్ మార్కెట్లో ఇప్పుడు చీజ్ ముక్కకి కూడా అలారం బిళ్ళ తగిలిస్తున్నారు, అయినా ఎత్తుకుపోతారు. మేం ముగ్గురం వరసగా కూర్చుంటాం. మధ్య కుర్చీ హంఫ్రీది. ఒకప్పుడు ఇళ్ళ బ్రోకరు, ఇప్పుడు ధర్మదేవత. మధ్యలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, పక్క కుర్చీల వాళ్ళం మొహం గంభీరంగా పెట్టుకుని చూడాలి. వెనక గదిలోకి వెళ్ళి తేల్చుకుంటాం. ఇద్దరు ఔనంటే చాలు, మూడో మనిషి కాదన్న సంగతి ఆ గది దాటి రాదు. బయటికొచ్చి హంఫ్రీ "మేం నిర్ణయించాం" అంటాడు. ఆ "మేం" అనేటప్పుడు ఆయన నోట్లో దగ్గు బిళ్ళ ఒకటి అటూ ఇటూ దొర్లుతుంటుంది. చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

క్రెయిగ్‌కి చెప్పు, కోర్టుకి వెళ్ళేటప్పుడు చెప్పులతో కాదు, బూట్లతో వెళ్ళమని. ఇది సలహా కాదు, మర్యాద.

మావిస్


వెదర్‌లా
13 అక్టోబరు

అక్కా,

మర్యాద సంగతి సరే. మా ఊరిని అన్న మాట మాత్రం మర్చిపోను.

నీ ఉత్తరం క్రెయిగ్‌కి చదివి వినిపించాను. "విను, మీ పెద్దమ్మ రాసింది, కింది కోర్టు ఆరు నెలలు దాటలేదట" అన్నాను. పైకి పంపడం గురించి ఏదో రాశావు, అది నాకు అర్థం కాలేదు, వదిలేశాను. వారం రోజులు వాడితో పోట్లాడాను. ఆ పన్నెండు మంది ఊసు వదిలెయ్యరా, కింది కోర్టులోనే తల వంచుకుని కొట్టానని ఒప్పుకో, ఆరులో ఎంతో కొంత వేస్తారు, ఇప్పుడు జైళ్ళలో చోటు లేక సగం కూడా ఉంచకుండా పంపేస్తున్నారట, మూడు నెలల్లోపే లారీ ఎక్కుతావు అన్నాను. వాల్టర్ కూడా ఇదే లెక్క చెప్పాడు. చివరికి నిన్న అన్నం దగ్గర కూర్చుని "సరే అమ్మా, పెద్దమ్మ మాట మీద పోతున్నాను" అన్నాడు.

కాబట్టి నీ నియమాలన్నీ నీ దగ్గరే ఉంచుకో. నువ్వు చెప్పకుండానే చెప్పావు, మేం వినకుండానే విన్నాం. చిన్నప్పుడు నాన్న బీరు సీసా ఎక్కడ దాచాడో కూడా నువ్వు ఇలాగే చూపు తిప్పి చెప్పేదానివి.

లయనల్‌కి కొత్త పళ్ళు పెట్టారు. పాతవాటికన్నా బాగున్నాయి.

డోరీన్


(కార్డు. ఒకవైపు సముద్రం బొమ్మ.)

24 అక్టోబరు

డోరీన్, ఇది కార్డు, దారిలో ఎవరైనా చదువుతారు, అందుకే పేర్లు రాయను. ఆరు అన్నాను కదా, ఆ మాట మర్చిపో. ఇక పన్నెండు. ఆలస్యం కాకముందే వాడి చెవిన వెయ్యి.
మా.


ఎల్మ్‌థార్ప్
19 నవంబరు 2024

డోరీన్‌కి,

కార్డు వేసి నెల కావస్తోంది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏడో తేదీ దాటింది కాబట్టి క్రెయిగ్ సంగతి తేలిపోయి ఉంటుంది. ఎంత వేసినా ఆరులోపే. వాడికి ఆ మాత్రం అదృష్టం ఉంది. కోపమొచ్చి రాయడం మానేశావేమో, నీకిది కొత్త కాదు.

కార్డులో నేను రాసినట్టే నిన్నటి నుంచి మా చేతికి రెట్టింపు ఇచ్చారు. ఒక నేరానికి ఆరు నెలలు కాస్తా పన్నెండు నెలలయింది. రెండేళ్ళ కిందట ఒకసారి ఇచ్చారు, ఏడాది తిరక్కుండా లాక్కున్నారు, మళ్ళీ ఇచ్చారు. ఎందుకో తెలుసా? పై కోర్టులో కేసుల వరస పెరిగిపోయిందట. వరస తగ్గాలంటే మాలాంటి జీతం లేని వాళ్ళ చేతే ఎక్కువ మందికి ఎక్కువ జైలు వేయించాలట. మనిషి చేసిన పని ఎంత చెడ్డదో చూసి కాదు, క్యూ ఎంత పొడుగుందో చూసి. కసాయి కొట్టు కూడా ఇంతకన్నా శుభ్రంగా నడుస్తుంది.

మమ్మల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పారు. హంఫ్రీకైతే కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. "ఇకనైనా మనల్ని కాస్త లెక్కచేస్తారు మావిస్" అన్నాడు. నేను టీ తాగకుండా ఇంటికొచ్చాను.

క్రిస్మస్‌కి నీ దగ్గరకే వస్తాను. పుడ్డింగ్ నేను తెస్తాను, నువ్వు చేసింది ఇటుకలా ఉంటుంది.

మావిస్


వెదర్‌లా
29 నవంబరు

మావిస్,

నీ రెండో ఉత్తరం వారం రోజులు బల్ల మీద పడి ఉంది, విప్పలేదు. నిన్న విప్పాను. నిన్న, కోర్టు నుంచి వచ్చాక.

ఏడో తేదీన ఏమీ తేలలేదు. కోర్టులో బాయిలర్ పాడైంది. చలికి గుమస్తా పళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టి, ఇరవై ఎనిమిదిన రండని పంపేశారు. మేం పోనీలే అనుకున్నాం, ఇంకో మూడు వారాలు లారీ ఎక్కొచ్చని సంతోషించాం కూడా.

నీ కార్డు చూసి ఎందుకు రాయలేదో చెబుతాను. ఆరు మర్చిపో, పన్నెండు అని రాశావు. నేను నీ మాట పట్టుకుని వాడితో వారం రోజులు కొట్లాడి ఆ పన్నెండు మంది జ్యూరీని మాన్పిస్తే, ఇప్పుడు పోయి పన్నెండు మంది ముందే నిలబడమంటున్నావు అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట, ఇదా పెద్దదాని తీరు అనుకుని కార్డు పొయ్యిలో పడేశాను. క్రెయిగ్‌కి చెప్పనే లేదు. పన్నెండు నెలలని రాయడానికి నీకు ఇంకొక్క మాట బరువైందా?

నిన్న లాయరు కుర్రాడు లోపలికి వెళ్ళబోయే ముందు "పన్నెండు" అని ఏదో మొదలుపెట్టాడు. క్రెయిగ్ వాణ్ణి నోరెత్తనివ్వలేదు. "ఆ పన్నెండు మంది గోల వద్దు. మా పెద్దమ్మ ఆ కుర్చీలోనే కూర్చుంటుంది, ఎంత వేస్తారో నీకన్నా ఆమెకి తెలుసు" అన్నాడు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నేనే, ఈ చెవిటి తల్లిని, తల ఊపాను.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒకావిడ, మెడలో ముత్యాలు. క్రెయిగ్ కొట్టానని ఒప్పుకున్నాడు. లయనల్ కూడా వచ్చాడు. ఇతను జైలుకి పోవాలని నాకేం లేదని కొత్త పళ్ళతో చెప్పాడు కూడా. ముగ్గురూ లేచి వెనక్కి వెళ్ళారు. మా పక్కనున్నాయన శాండ్‌విచ్ తినడం పూర్తి కాకముందే వచ్చేశారు. ఆవిడ పెదాలు నాకు సరిగా కనబడ్డాయి. పార కర్ర ఆయుధమేనంది, ఒప్పుకున్నందుకు కొంత తగ్గించామంది. పది నెలలు.

ఆరు అన్నావు. నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను, తప్పు విన్నానేమోనని. క్రెయిగ్ నా వైపు తిరిగి "అమ్మా, పెద్దమ్మ ఆరే అంది కదా?" అన్నాడు. అంతలో తీసుకుపోయారు.

వాల్టర్ సాయంత్రం వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సగం కన్నా తక్కువే ఉంచినా మూడు నెలలు దాటిపోతుంది కదా. లారీ మీద వాడి చోటు పోయింది.

డోరీన్


ఎల్మ్‌థార్ప్
3 డిసెంబరు 2024

డోరీన్‌కి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. నేను రాసింది నెలలు, నువ్వు చదివింది మనుషులు. పేర్లు రాయకూడదని అంత పొడిగా రాశాను. ఎవరో చదువుతారని చూసుకున్నాను కానీ నువ్వు చదువుతావని చూసుకోలేదు.

వాళ్ళు ఏం మనుషులు? శాండ్‌విచ్ తినేలోపు పది నెలలా? బాధితుడే వద్దంటుంటే, ఉద్యోగం ఉంటే, తల్లిని చూసుకునేవాడైతే, ఆ పది నెలల్ని అమలు చేయకుండా ఆపి ఉంచొచ్చు. చట్టంలో ఆ దారి ఉంది. కొత్త చాకు పదును చూడటానికి దొరికిన మెడ క్రెయిగ్‌ది. ఆ ముత్యాలావిడ మొహం నాకు కళ్ళ ముందే ఉంది, చూడకపోయినా. అసహ్యం తప్ప ఇంకో మాట లేదు.

ఇక సలహా ఇవ్వకూడదన్న నియమాన్ని గట్టున పెడుతున్నాను. అప్పీలు చెయ్యండి. డిసెంబరు పంతొమ్మిదిలోపు కాగితాలు వేయాలి, ఒక్క రోజు కూడా దాటకూడదు. పై కోర్టు జడ్జి మొత్తం మొదటినుంచి వింటాడు. ఆ కుర్రాడి మాట వినండి, వాడు పనికొచ్చేవాడిలా ఉన్నాడు.

ఇది మీ ఒక్క చోట కాదు, అన్నిచోట్లా ఇదే వరస. మా దగ్గర కూడా గురువారం ఒకడికి తొమ్మిది నెలలు వేశారు. పాతికేళ్ళు ఉంటాయేమో. కొట్లో కాపలావాణ్ణి మెట్ల మీదినుంచి తోశాడు. నెల కిందటైతే ఆరు దాటేది కాదు. వాడి తల్లి వెనక బెంచీలోంచి లేచి ఏదో అంది, నాకు వినబడలేదు. హంఫ్రీ దగ్గు బిళ్ళ చప్పరిస్తూ తర్వాతి కేసు పిలవమన్నాడు.

అప్పీలు మర్చిపోవద్దు. ఖర్చు గురించి ఆలోచించకు.

మీ అక్క
మావిస్


వెదర్‌లా
8 డిసెంబరు

మావిస్ అక్కకి,

అప్పీలు గురించి కుర్రాడితో మాట్లాడుతున్నాను. ఆ సంగతి పక్కన పెట్టు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను చెవిటిదాన్నే కానీ గుడ్డిదాన్ని కాదు. "మా దగ్గర ఒకడికి తొమ్మిది నెలలు వేశారు" అని రాశావు. వేశారేంటి? ఎవరు వేశారు? గురువారం నీ రోజు. హంఫ్రీ మధ్యలో కూర్చుంటే నువ్వు ఆయన పక్కన కూర్చుంటావు. మా ముత్యాలావిడకీ అటొకరు ఇటొకరు ఉన్నారు. వాళ్ళు కూడా ఇంటికెళ్ళి వాళ్ళ చెల్లెళ్ళకి "వేశారు" అనే రాసి ఉంటారు. వేశామని రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

ఆ తల్లి ఏమందో నీకు వినబడలేదా? నాకు మిషన్ తీసేసినా వినబడుతుంది.

ఒక్క మాట అడుగుతాను, దానికి జవాబు రాయి. ఆ వెనక గదిలో నువ్వు కాదన్నావా? తొమ్మిది వద్దు, ఆరు చాలు అని, కనీసం గొణిగావా? కాదన్నానని రాస్తే నమ్ముతాను. హంఫ్రీ, ఇంకొకరు కలిసి నీ మాట తోసేశారని అనుకుంటాను, నీ మీద నాకున్న కోపమంతా ఆ గదిలోనే వదిలేస్తాను. మిగిలినవి రాయకు. పుడ్డింగ్ గురించి అసలే రాయకు.

డోరీన్


ఎల్మ్‌థార్ప్
12 డిసెంబరు 2024

డోరీన్,

నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేనని నీకు తెలిసి కూడా అడిగావు. ఆ గదిలో ఎవరు ఏమన్నారో బయట చెప్పకూడదు. ప్రమాణం చేసి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో చెప్పుకుంటూ పోతే ఏ శిక్షకీ విలువ ఉండదు. నీకు చెబితే రేపు ఇంకొకరికి చెప్పాలి. చెల్లెలివైనంత మాత్రాన నియమం మారదు.

పైగా మూడో కుర్చీ మనిషి ఒక్కతీ ఏం చేయగలదో నీకు తెలియదు. తొమ్మిదిన్నరకి మొదలైతే సాయంత్రం దాకా కేసు మీద కేసు. గుమస్తా గడియారం చూస్తుంటుంది. హంఫ్రీ ముందే కాగితం మీద అంకె వేసుకుని ఉంటాడు. ప్రతిదానికీ కొట్లాడితే మనల్ని పిలవడం మానేస్తారు, ఆ కుర్చీలోకి ఇంకో హంఫ్రీ వస్తాడు. కనీసం నేనున్నందుకు కొన్నిసార్లు కొంత తగ్గుతుంది. ఎప్పుడు ఎంత అన్నది చెప్పలేను. నేను ఈ కొత్త అధికారాన్ని అసహ్యించుకుంటానని నీకు నవంబరులోనే రాశాను, ఆ ఉత్తరం తీసి చూసుకో. నా మనసేమిటో అందులో ఉంది.

అప్పీలు గడువు వారమే ఉంది. దాని సంగతి రాయలేదేం?

మావిస్


వెదర్‌లా
17 డిసెంబరు

మావిస్‌కి,

అప్పీలు కాగితాలు నిన్న వేశాం. నీ మాట విని కాదు, ఆ కుర్రాడి మాట విని. జనవరిలో పిలుస్తారట. జడ్జి తగ్గిస్తాడో లేదో వాడు చెప్పలేదు, చెప్పనందుకే వాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

శనివారం జైలుకెళ్ళి క్రెయిగ్‌ని చూశాను. మనిషి సగమయ్యాడు. అక్కడి కూర నీళ్ళలా ఉంటుందట. గదిలో ఇంకొకడితో కలిపి పెట్టారు, వాడు రోజంతా గోడకి తల ఆనించి కూర్చుంటాడట. నీ మీద వాడికి కోపం లేదు. "పెద్దమ్మ మంచికే చెప్పింది, మనమే తప్పు చదివాం" అన్నాడు. నేను నిన్ను అడిగిన ప్రశ్న వాడికి చెప్పాను.

"మరి ఏమంది?" అన్నాడు.

"చెప్పకూడదట" అన్నాను.

వాడు టేబుల్ మీద చేతులు పెట్టుకున్నాడు. "అయితే ఆ తొమ్మిదికి ఒప్పుకుందన్నమాట" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. అప్పీలు చెప్పడానికి ఒక నియమాన్ని గట్టున పెట్టినదానివి, కాదనే అని ఉంటే ఈ నియమాన్ని కూడా గట్టున పెట్టి, అర్ధరాత్రి నా తలుపు కొట్టి మరీ చెప్పేదానివి. నీ సంగతి నాకు తెలియదా?

క్రిస్మస్‌కి రావద్దు. వస్తే తలుపు తీస్తాను, కానీ ఆ చేత్తో నీకు వడ్డించలేను. ఆ రోజు భోజనానికి లయనల్‌ని పిలిచాను. వాడు కాడలు కోశాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ క్రెయిగ్‌కి జైలు వద్దని కోర్టులో అందరి ముందూ లేచి చెప్పినవాడు వాడొక్కడే.

డోరీన్